కళాశాల విద్య – సమగ్ర దృష్టి



కళాశాలలో అడుగిడిన విద్యార్థి ఒక్క శాస్త్రమునే అభ్యసించవలెనా, సాహిత్యము, చరిత్ర, తత్త్వము కూడ ఎరుగవలెనా అన్న ప్రశ్న క్రొత్తది కాదు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, మరుసటి ఏటి నివేదికలో డిగ్రీ విద్యార్థులకు సామాన్యవిద్య అవశ్యమని సిఫారసు చేసినది. 2020 నాటి జాతీయ విద్యావిధానమూ బహుశాస్త్ర అధ్యయనమునే కోరినది.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన కట్టమంచి రామలింగారెడ్డి గారే ఇందుకు నిదర్శనము. విద్యార్థిదశలోనే ‘ముసలమ్మ మరణము’ కావ్యమును రచించిరి. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివిరి. తెలుగులో అర్థశాస్త్ర గ్రంథమును వ్రాసిరి. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువరించిరి. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపకులపతి అయిరి. ఒక విద్య మరొకదానికి అడ్డు కాలేదు, తోడైనది.

మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోని బి.ఎ., బి.యస్సి. తరగతులలో ప్రధాన విషయముతో పాటు ఒక భాషకు, ఆంగ్లమునకు స్థానమున్నది. తెలుగు బోధించు కళాశాలలలో ఆ భాషగా తెలుగునే ఎన్నుకొనవచ్చును. కాని మార్కులు సులభముగా వచ్చునన్న ఆశతో వేరొక భాషను కోరువారు కలరు. కోరువారు లేని తరగతి ఎంతకాలమో నిలువదు. బడిలో నేర్చిన తెలుగు కళాశాల గుమ్మము వద్దనే ఆగిపోరాదు.

గణితము చదివెడి బిడ్డ తిక్కన పద్యమునకు అర్థము చెప్పగలగవలెను. సాహిత్యము చదివెడి బిడ్డ గణాంకములను పరిశీలించి నిజము గ్రహించగలగవలెను. ప్రవేశపత్రము నింపునాడు తల్లిదండ్రులు ‘భాష’ అన్న గడి వద్ద ఒక్క క్షణమాగి ఆలోచింతురు గాక. స్వస్తి.