యంత్రమునకొక వివరపత్రము

వన్ టౌన్‌లోని రాస్ కొండ మీదగాని దర్గా కొండ మీదగాని నిలిచి చూచినచో, ఓడలు లోపలి రేవునకు పోవు సన్నని కాలువ కన్నుల యెదుట నుండును. ఆవలి దరి డాల్ఫిన్ నోస్ కొండ. ఈ లోపలి రేవు 1933లో తెరువబడినది. పెద్ద ఓడలకు తగిన వెలుపలి రేవు 1976లో వచ్చినది. బెర్తులన్నియు ఒకే లోతు గలవి కావు. ఏ ఓడ ఎక్కడ నిలువవలయునో నిర్ణయించువారు ప్రతి బెర్తు పొడవును, లోతును ముందుగా తెలిసి యుండవలయును. లోతు తెలిసికొనుటకై ఓడను అడుగునకు తగిలించి చూచువాడు నావికుడనిపించుకొనడు.

మన చేతి ఫోనులోను, ఇంటిలోని ఇంటర్నెట్ రూటరులోను గూడ ఇట్టి పట్టిక యొకటి కలదు. దానిని గూర్చియే మేము నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

యంత్రములో లెక్కలు చేయు భాగము ప్రాసెసర్. ఒకప్పుడు ఒక ప్రాసెసర్‌లో పనిచేయు కేంద్రము ఒక్కటే యుండెడిది. ఇప్పుడు నాలుగో, ఆరో, ఎనిమిదో ఉండుట సామాన్యము. ఒక్కొక్క కేంద్రమును కోర్ అందురు. పనులను ఈ కోర్లకు పంచిపెట్టు మేస్త్రీ ఆపరేటింగ్ సిస్టమ్. ఆండ్రాయిడ్ ఫోనులలో దీని మూలము లినక్స్ కెర్నల్. పనివారెందరో, ఎవరి బలమెంతయో తెలియక మేస్త్రీ పని పంచలేడు గదా!

చిక్కు ఇక్కడనే యున్నది. ఫోనులలో విరివిగా నుండు ఆర్మ్ జాతి యంత్రములలో, విద్యుత్తు ప్రవహించిన తోడనే సిస్టమ్‌ను నడుపుటకు మేల్కొనునది సాధారణముగా ఒక్క కోరే. అది తన పేరు తాను చెప్పుకొనగలదు. కాని ప్రక్కన నిద్రించు తోడివారెందరో, వారిని లేపు ఉపాయమేమో దానికి తెలియదు. బల్లమీది కంప్యూటర్లలో ఈ సమాచారమును మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ తన పద్ధతిలో అందించును. ఫోనులు, రూటర్లు, చిన్న బోర్డులు మొదలగు వానిలో చాలవరకు ఒక ప్రత్యేకమైన వివరపత్రము వ్రాసి పెట్టవలసి యున్నది. దానికి డివైస్ ట్రీ అని పేరు. మనుష్యులు చదువదగిన అక్షరములలో దీనిని వ్రాసి, యంత్రమునకు తగిన రూపమునకు మార్చెదరు. ఆరంభమున నడుచు బూట్‌లోడర్ అను చిన్న ప్రోగ్రాము, రేవు పైలటు ఓడనెక్కి కెప్టెనుకు దారి చెప్పినట్లు, ఈ పత్రమును కెర్నల్ చేతికిచ్చును.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. సన్ మైక్రోసిస్టమ్స్ వారి యంత్రములలో పుట్టి, 1994లో ఐ.ఇ.ఇ.ఇ. 1275 అను ప్రమాణముగా స్థిరపడినది. ఆర్మ్ యంత్రములకు మాత్రము చిరకాలము వరకు ప్రతి బోర్డు వివరమును కెర్నల్ ప్రోగ్రాములోనే పొదుగుచుండిరి. బోర్డులు పెరిగిన కొలది ఆ చిట్టా అడవియైనది. 2011లో లినక్స్ కర్త లినస్ టోర్వాల్డ్స్ ఈ గందరగోళముపై గట్టిగా ఆక్షేపణ తెలిపిన పిమ్మట, ఆర్మ్ బోర్డులు చాలవరకు క్రమముగా వివరపత్రముల దారి పట్టినవి.

పత్రములో ప్రతి కోరునకు ఒక పేరా యుండును. దాని సంఖ్య, అది ఏ తెగకు చెందినది, దానిని లేపు విధమేది, పనికి పిలువవచ్చునా కూడదా అనునవి అందుండును. ఇంతియే కదా, ఇందులో తప్పుటకేమున్నదని మీకు తోచవచ్చును. చూడుడు.

నేటి ఫోనులలో కోర్లన్నియు సమానులు కావు. కొన్ని బలమైనవి, విద్యుత్తును ఎక్కువగా త్రాగునవి. కొన్ని చిన్నవి, పొదుపరులు. ఆర్మ్ సంస్థ 2014లో విడుదల చేసిన జూనో అను ప్రయోగ బోర్డులో కార్టెక్స్ ఏ57 కోర్లు రెండు, ఏ53 కోర్లు నాలుగు కలవు. లినక్స్ వారి పత్రములలో ఈ జోడికి చూపబడిన అంకెలు 1024, 578. గడియారపు వేగము సమానముగా నున్నప్పుడు పెద్దది 1024 పాళ్లు పని చేసినచో చిన్నది 578 పాళ్లే చేయునని భావము. కెర్నల్ ఈ అంకెను ఆ కోరు యొక్క గరిష్ఠ వేగముతో కలిపి, దాని సామర్థ్యమును లెక్కకట్టుకొనును. ఒక్క కోరునకు ఈ అంకె వ్రాసి మరియొకదానికి మానినచో, కెర్నల్ అన్నిటిని విడిచి, అందరిని సమానులుగా నెంచును. ఆ నియమము మాకు న్యాయముగనే తోచుచున్నది. సగము చిట్టాను నమ్ముటకంటె చిట్టాయే లేదనుకొనుట మేలు.

అంకె తప్పైనచో యంత్రము ఆగిపోదు, అదియే పెద్ద ఇబ్బంది. విదేశమందున్న కుమారునితో తల్లి మాటలాడుచుండగా, ఆ చిత్రమును విప్పు పని చిన్న కోరు మీద పడును, బొమ్మ తడబడును. లేదా అల్పమైన పని పెద్ద కోరు మీద పడి, సాయంత్రమునకే బ్యాటరీ ఖాళీయగును. ఏ హెచ్చరికయు తెర మీదకు రాదు. కొన్నవారు ఫోను మంచిది కాదని పెదవి విరుతురు. పత్రములోని ఒక అంకెను అనుమానించువారెవరు?

కొన్ని తప్పులు ఇంతకంటె ఘోరమైనవి. రిస్క్-ఫైవ్ అను స్వేచ్ఛా నిర్మాణ పద్ధతి కలదు, మద్రాసు ఐ.ఐ.టి. వారి శక్తి ప్రాసెసర్లు ఈ పద్ధతివే, 2018లో వానిపై లినక్స్ నడిచినది. ఆ సంవత్సరమే అమెరికాలోని సైఫైవ్ సంస్థ ఇదే పద్ధతిలో హైఫైవ్ అన్‌లీష్డ్ అను బోర్డును తెచ్చినది. దాని చిప్పులో కోర్లు అయిదు. నాలుగు సమానులు. అయిదవది, లెక్కలో సున్న సంఖ్య గలది, కాపలాదారు వంటిది: దానికి దశాంశ గణితము చేయు శక్తి లేదు, జ్ఞాపకశక్తిని పుటలుగా విభజించి పాలించు భాగమును లేదు. లినక్స్ దానిపై నడువజాలదు. అందుచే పత్రములో దానికి పేరా యున్నను, పనికి పిలువరాదని స్పష్టముగా వ్రాయబడి యున్నది. ఇంటి జనాభా లెక్కలో తాతగారి పేరుండును గాని, ఆయనను బియ్యపు బస్తా మోయుటకు పంపము. ఆ పేరాను పూర్తిగా తొలగించిన అది అసత్యము; మిగిలిన నలుగురితో సమానమని వ్రాసిన అది ప్రమాదము.

మన తెలుగుగడ్డ మీదను ఈ విద్యతో సంబంధమున్నది. హైదరాబాదులో పెద్ద అభివృద్ధి కేంద్రము గల జైలింక్స్ సంస్థ 2022లో ఏ.ఎమ్.డి.లో కలిసినది. ఆ సంస్థ వారి జింక్ అల్ట్రాస్కేల్ ప్లస్ చిప్పులలో కొన్నింట ఏ53 కోర్లు నాలుగు, కొన్నింట రెండే. వానితోపాటు కాలనియమము తప్పక పనిచేయు ఆర్5 కోర్లు రెండు కలవు. ఈ ఆర్5 కోర్లు లినక్స్‌ను నడుపునవి కావు కనుక వానిని సామాన్య కోర్ల పట్టికలో చేర్చక, వేరుగా వర్ణింతురు.

అక్షరము మారకయే అర్థము మారిన కథ యొకటి చెప్పవలసి యున్నది. రిస్క్-ఫైవ్ కోర్ల శక్తులను మొదట అక్షరముల దండగా వ్రాయుచుండిరి. ‘ఐ’ అను అక్షరము మూలమైన ఆజ్ఞల సముదాయమునకు గుర్తు. 2019 నాటి ప్రమాణ గ్రంథములో, అదివరకు ‘ఐ’లో ఇమిడియున్న కొన్ని ఆజ్ఞలను విడదీసి వేరు పేర్లు పెట్టిరి. పాత పత్రములోని ‘ఐ’ ఒకటి, క్రొత్త పత్రములోని ‘ఐ’ మరియొకటి! పత్రము బోర్డులో ముద్రితమై సంవత్సరముల తరబడి యుండును. కెర్నల్ మాత్రము మారుచుండును. ఈ చిక్కునకు విరుగుడుగా 2023లో లినక్స్ వారు ఆ దండను విడిచి, ప్రతి శక్తికి అర్థము నిశ్చయించిన వేరువేరు పేర్లు వ్రాయు పద్ధతిని ప్రవేశపెట్టిరి.

అందుచేతనే ఈ పనిలో ఆరితేరినవారు, పత్రములో వ్రాయవలసినది యంత్రము ఎట్లున్నదో అదియేగాని, నేటి కెర్నల్‌కు ఏది అనుకూలమో అది కాదని పట్టుబట్టుదురు. పత్రములను తనిఖీ చేయు సాధనములు నేడు కలవు. అంకె వ్రాయవలసినచోట అక్షరమున్నను, తప్పనిసరి పంక్తి లేకున్నను అవి పట్టుకొనును. 578 అని వ్రాసినది నిజముగా 578 అగునో కాదో మాత్రము అవి చెప్పలేవు. అది కొలిచి చూచినవాడే చెప్పవలయును.

మన ఊరి కళాశాలల విద్యార్థుల చేతులలో రాస్‌బెరీ పై వంటి చిన్న బోర్డులు కనబడుచున్నవి. లినక్స్ నడుచుచుండగా ‘ప్రోక్’ అను అరలో డివైస్ ట్రీ పేరుతో ఈ పత్రమంతయు తెరచి చూడవచ్చును. నాలుగవ నమూనా బోర్డులో నాలుగు ఏ72 కోర్ల పేరాలు వరుసగా కనబడును. చిప్పు తయారుచేసినవారి గ్రంథమును ప్రక్కన పెట్టుకొని పంక్తి పంక్తి పోల్చవచ్చును. తేడా కనబడినచో, గ్రంథములోని పుటను చూపుచు సవరణ వ్రాసి లినక్స్ వారికి పంపవచ్చును. దానికి ఉద్యోగము గాని హోదా గాని అక్కరలేదు. అంగీకరింపబడిన సవరణ తరువాతి కెర్నల్‌తోపాటు విడుదలయై, దానిని వాడు ఆ జాతి బోర్డులకు చేరును.