గడువీయని మృత్యువు



పరీక్షిన్మహారాజునకు ఏడు దినముల గడువు లభించినది. గుండెపోటు అట్టి గడువీయదు. 2022 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డిగారు 50 ఏండ్ల ప్రాయముననే హైదరాబాదులో హఠాత్తుగా కన్నుమూసిరి.

అట్టి మరణము సంభవించిన యింట “ముందే గ్రహించి యుండిన దక్కెడివాడు గదా” యను తలంపు నిప్పువలె దహించును. పరామర్శకు వెళ్ళిన మనము “డాక్టరునకు చూపలేదా?” యని యడిగి ఆ నిప్పును ఎగదోయరాదు. కర్మకాండ ముగిసి బంధువులు మరలిన పిదపనే ఆ యిల్లు మిక్కిలి శూన్యమగును. అప్పుడు వెళ్ళి వారి చెంత కూర్చుందము.

మన యింట ఎవరికైనను ఛాతీనొప్పి, చెమట, ఆయాసము కలిగినచో గ్యాసు నొప్పియని ఉపేక్షింపక తక్షణమే 108కి ఫోను చేయుదము. గడువు తెలియని మనము, పలుకవలసిన ప్రియవాక్యమును నేడే పలుకుదము.