పీఎల్/ఎస్‌క్యూఎల్ నేర్చుకుందాం: ఎర్రర్ రాలేదంటే పని జరిగినట్టేనా?

కిందటిసారి బ్లాక్ ఎలా రాయాలో చూశాం. డిక్లేర్, బిగిన్, ఎక్సెప్షన్, ఆఖర్న ఎండ్. వీటిలో బిగిన్, ఎండ్ తప్పనిసరి, మిగతావి అవసరమైతేనే. ఈరోజు ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. ప్రొసీజర్ రన్ చేశాం, ఎర్రర్ రాలేదు. అంటే పని జరిగినట్టేనా?

ముందు ఒక్క మాట. ఎస్‌క్యూఎల్‌లో మనకి ఏం కావాలో చెప్తాం, అంతే. "ముందు ఇది చెయ్యి, అది సరిగ్గా జరిగితేనే తర్వాతది చెయ్యి" అని వరసగా చెప్పాలంటే ప్రొసీజరల్ భాష కావాలి. అందుకే 1988లో ఒరాకిల్ 6తో పీఎల్/ఎస్‌క్యూఎల్ వచ్చింది. ప్రొసీజర్‌ని డేటాబేస్‌లోనే దాచుకునే వీలు 1992లో ఒరాకిల్ 7తో వచ్చింది.

ఇప్పుడు ఉదాహరణకి వద్దాం. ఖాతాలు అని ఒక టేబుల్ ఉంది. అందులో రెండే వరసలు. 101 నంబరు ఖాతాలో 10,000 రూపాయలు, 102లో 2,000. మొత్తం 12,000. డబ్బు పంపడానికి ఒక ప్రొసీజర్ రాశాం. మొదటి అప్‌డేట్ పంపేవారి ఖాతాలో తగ్గిస్తుంది, రెండో అప్‌డేట్ అందుకునేవారి ఖాతాలో కలుపుతుంది, ఆ తర్వాత కమిట్. చూడ్డానికి బాగానే ఉంది కదా? 101 నుంచి 102కి 5,000 పంపి చూడండి. ఒకదాంట్లో 5,000, ఇంకోదాంట్లో 7,000. లెక్క సరిపోయింది.

ఇప్పుడు 101 నుంచి 909కి 3,000 పంపుదాం. 909 అనే ఖాతా అసలు లేనే లేదు. రన్ చేస్తే ఏమొచ్చింది? ప్రొసీజర్ సక్సెస్‌ఫుల్లీ కంప్లీటెడ్ అని వచ్చింది! టేబుల్ చూస్తే 101లో 2,000, 102లో 7,000. మొత్తం 9,000. మూడు వేలు మాయం. ఎర్రర్ మాత్రం ఎక్కడా లేదు.

ఎందుకిలా? అప్‌డేట్ అంటే "ఈ షరతుకి సరిపోయే వరసలన్నీ మార్చు" అని అర్థం. సరిపోయే వరస ఒక్కటీ లేకపోతే సున్నా వరసలు మారుస్తుంది. దాని దృష్టిలో అది తప్పు కాదు. సెలెక్ట్ ఇంటూ అలా కాదండీ. వరస దొరక్కపోతే నో డేటా ఫౌండ్ అంటుంది, ఒకటికి మించి దొరికితే టూ మెనీ రోస్ అంటుంది. ఈ తేడా చాలామందికి ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టినప్పుడు అర్థం కాదు, ఇలా డబ్బు మాయమైనప్పుడు అర్థమవుతుంది.

మందు ఏంటంటే, ఎస్‌క్యూఎల్%రోకౌంట్. ఎన్ని వరసలు మారాయో ఇది చెప్తుంది. ప్రతి అప్‌డేట్ తర్వాత వెంటనే చూడాలి, ఎందుకంటే ఇంకో ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్ నడిస్తే పాత లెక్క పోతుంది. అది 1 కాకపోతే రెయిజ్ అప్లికేషన్ ఎర్రర్‌తో మన సొంత ఎర్రర్ లేపాలి. దానికి −20000 నుంచి −20999 దాకా నంబర్లు మనకోసమే వదిలారు.

ఇక రెండో ప్రమాదం. కొందరు ఏం చేస్తారంటే, ఎర్రర్లు కనపడకూడదని ప్రొసీజర్ చివర "వెన్ అదర్స్ దెన్ నల్" అని పెట్టేస్తారు. మనం కష్టపడి లేపిన ఎర్రర్‌ని కూడా అది మింగేస్తుంది. వరస గమనించండి. 101లో డబ్బు తగ్గింది, 909 దొరకలేదు, ఎర్రర్ లేచింది, కమిట్‌ని దాటేసి ఎక్సెప్షన్‌లోకి వెళ్లింది, అక్కడ నల్. ప్రొసీజర్ బుద్ధిగా ముగిసింది. కానీ తగ్గించిన మొత్తం ఆ సెషన్‌లో అలాగే ఉంది. తర్వాత ఎవరు కమిట్ కొట్టినా అది ఖాయమైపోతుంది. ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ఊరికే ఎగ్జిట్ కొట్టినా డీఫాల్ట్‌గా కమిట్ అయిపోతుంది!

అదే ఎక్సెప్షన్ భాగం అసలు రాయకపోతే? ఎర్రర్ బయటికి వస్తుంది, ఆ కాల్ చేసిన మార్పుల్ని ఒరాకిలే వెనక్కి తీసుకుంటుంది. అంటే ఏమీ రాయకపోవడమే నయం అన్నమాట. ఎర్రర్‌ని లాగ్ టేబుల్‌లో రాసుకోవాలంటే రాసుకోండి, కానీ చివర రెయిజ్ పెట్టి మళ్లీ పైకి పంపండి. అలా పంపకపోతే 11జీ నుంచి కంపైలరే పీఎల్‌డబ్ల్యూ−06009 అని హెచ్చరిస్తుంది. కాకపోతే ఆ హెచ్చరికలు మనమే ఆన్ చేసుకోవాలి.

పోస్ట్‌గ్రెస్‌లో నేర్చుకునేవాళ్లకి ఒక మాట. అక్కడి పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, నడక వేరు. ఎక్సెప్షన్ ఉన్న బ్లాక్‌లో ఎర్రర్ వస్తే ఆ బ్లాక్ చేసిన మార్పులు వాటంతటవే వెనక్కి వెళ్తాయి. సెలెక్ట్ ఇంటూకి స్ట్రిక్ట్ అని చేర్చకపోతే మాత్రం వరస దొరక్కపోయినా ఎర్రర్ రాదు, వేరియబుల్‌లో నల్ వచ్చి కూర్చుంటుంది. అందుకని ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పరీక్షించకుండా నమ్మకండి.

ఇక హోంవర్క్. ఇదే టేబుల్ తయారుచేసి మూడుసార్లు డబ్బు పంపండి. ఒకటి సరైన ఖాతాకి, రెండోది లేని ఖాతాకి, మూడోది ఉన్నదానికంటే ఎక్కువ మొత్తం. ప్రతిసారీ ముందూ వెనకా మొత్తం కూడి చూడండి. స్క్రీన్ మీద మెసేజ్ ఏమొచ్చినా సరే, మొత్తం 12,000 ఉంటేనే పాస్. మూడోదాంట్లో ఖాతా మైనస్‌లోకి కూడా వెళ్లకూడదు. దానికి చెక్ కన్‌స్ట్రెయింట్ ఎక్కడ పెట్టాలో మీరే ఆలోచించండి.

వచ్చే ఎపిసోడ్‌లో కర్సర్లు చూద్దాం.