ప్లాటినానికి ఇరుగుపొరుగు

అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ ఈ.కోలై బ్యాక్టీరియాలోకి కరెంటు పంపి చూస్తున్నారు. కణాలు చావలేదు, విభజన మాత్రం మానేశాయి. దారాల్లా సాగి, కొన్నయితే మామూలు పొడవుకు 300 రెట్లు పెరిగాయి. కరెంటు మహిమే అనుకుని అక్కడితో ఊరుకునేవారు చాలామంది ఉంటారు. ఆయన, సహోద్యోగి లొరెట్టా వాన్ క్యాంప్ ఊరుకోలేదు. దేనికీ కరగదని పేరున్న ప్లాటినం ఎలక్ట్రోడ్లే కొద్దికొద్దిగా కరిగి, ద్రావణంలోని అమ్మోనియం క్లోరైడ్‌తో కలిసి ఈ పని చేస్తున్నాయని తేల్చారు. 1965లో ‘నేచర్’ పత్రిక ఆ ఫలితాన్ని అచ్చువేసింది. అలా బయటపడి, తర్వాత క్యాన్సర్ మందైన సిస్‌ప్లాటిన్ అనే ఆ ప్లాటినం సంశ్లిష్టాన్ని ఇటలీ రసాయనవేత్త మికెలె పెయిరోనె 1844లోనే తయారుచేశారు. నూరేళ్లు దాటినా అందులో మందు ఉందని ఎవరికీ తోచలేదు.

ఈ ఉపన్యాసం వింటున్న రసాయనశాస్త్ర విద్యార్థులు దాని నిర్మాణం దగ్గర కాసేపు ఆగాలి. ప్లాటినం చుట్టూ చతురస్రం నాలుగు మూలల్లో రెండు అమ్మోనియాలు, రెండు క్లోరైడ్‌లు ఉంటాయి. క్లోరైడ్‌లు పక్కపక్కన ఉంటే మందు. ఎదురెదురుగా ఉంటే అది మందుగా పనికిరాదు. లోహం అదే, పొరుగువాళ్ల చోటు మారిందంతే! రక్తంలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి అణువు చెదరదు. కణంలో క్లోరైడ్ బాగా తక్కువ. అక్కడ క్లోరైడ్‌లు ఊడి, నీటి అణువులు ఆ చోట్లోకి వస్తాయి. ఆపైన ప్లాటినం డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు గ్వానిన్‌లను పట్టుకుంటుంది. డీఎన్‌ఏ అక్కడ వంగిపోతుంది. మరమ్మతు చేసుకోలేని కణం చచ్చిపోతుంది.

1974లో ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ దీన్ని విన్‌బ్లాస్టిన్, బ్లియోమైసిన్‌లతో కలిపి వృషణ క్యాన్సర్ రోగులకు ఇచ్చారు. అంతకుముందు ఒళ్లంతా పాకిన ఆ జబ్బు నుంచి బతికి బయటపడినవాళ్లు చాలా అరుదు. ఇప్పుడు ఆ దశలో ఉన్నవాళ్లలోనూ పదిమందికి సుమారు ఎనిమిదిమంది కోలుకుంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది పడుచువాళ్లు. క్యాన్సర్ వైద్యంలో ఇంత పెద్ద మలుపులు కొన్నే.

మూత్రపిండాలు దెబ్బతినడం, ఆగని వాంతులు, చెవుడు: ఇవి ఆ మందుకు రోగి చెల్లించే ధర. అందుకే రసాయనవేత్తలు మళ్లీ పొరుగువాళ్లను మార్చారు. క్లోరైడ్‌ల చోట అంత తేలిగ్గా ఊడని లైగాండ్ పెడితే కార్బోప్లాటిన్ అయింది. మూత్రపిండాలకు ముప్పు తగ్గింది, ప్లేట్‌లెట్లు పడిపోవడం మొదలైంది. జపాన్‌లోని నగోయాలో యోషినోరి కిదాని అమ్మోనియాల చోట కూడా వేరే లైగాండ్ పెట్టి తెచ్చిన ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్‌కు లొంగని పెద్దపేగు క్యాన్సర్ మీద పనిచేసింది.

టైటానియం, రుథేనియం సంశ్లిష్టాలూ రోగుల దాకా వచ్చాయి, పరీక్షలు దాటి మందుల షాపుకు చేరలేదు. పరీక్షనాళికలో కణాలను చంపిన ప్రతి సంశ్లిష్టాన్నీ మందని ప్రకటించడం తొందరపాటు. రక్తంలోని ప్రొటీన్లు లోహాన్ని దారిలోనే పట్టేయగలవు.

ఆ పట్టుకునే గుణమే పిల్లలకు మేలు చేసింది. గంధకమున్న సోడియం థయోసల్ఫేట్ ప్లాటినాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కాలేయ క్యాన్సర్ ఉన్న పిల్లలకు సిస్‌ప్లాటిన్ ఇచ్చిన ఆరు గంటల తర్వాత దాన్ని ఎక్కించి చూశారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల్లో, వినికిడి దెబ్బతిన్న పిల్లలు 63 శాతం నుంచి 33 శాతానికి తగ్గారు. 2022లో అమెరికా ఆ వాడకానికి అనుమతి ఇచ్చింది.