లారీ వెనక కడ్డీ

మీ ఫీజుల కోసం పొలమో బంగారమో కుదువపెట్టి, మీరు పట్టాలు తీసుకోవడం చూడటానికి ఇవాళ వెనక వరసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. మర్యాదలు ఇంతటితో ఆపుతాను, చెప్పాల్సింది చాలా ఉంది.

నా ఉద్యోగమంతా పుణెలో వాహనాల పరీక్షల్లోనే గడిచింది. చేరిన కొత్తలో నాకు అప్పజెప్పింది లారీ వెనక, కింద, అడ్డంగా ఉండే కడ్డీ. వెనకనుంచి వచ్చి గుద్దిన కారు లారీ కిందికి దూరిపోకుండా ఆపేది అదే. అది లేకపోతే కారులో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా లాభం లేదు, లారీ తొట్టి అంచు నేరుగా ముందు అద్దంలోకి వస్తుంది. అప్పటి నియమం ప్రకారం కడ్డీకీ నేలకూ మధ్య సందు 550 మిల్లీమీటర్లు దాటకూడదు. హైడ్రాలిక్ జాకీతో పది టన్నుల దాకా బలం పెట్టి నొక్కి, ఎంత వంగిందో కొలిచి, సంతకం పెట్టేవాళ్లం.

ఆ కొలత మనం కనిపెట్టింది కాదు. ఐక్యరాజ్యసమితి 58వ వాహన నియమం నుంచి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 14812లోకి వచ్చింది. ఈ నియమాలు పుట్టేది జెనీవాలో, డబ్ల్యూపీ 29 అనే వేదికలో. 1958 ఒప్పందంలో చేరి ఒక నియమాన్ని అమలు చేస్తున్న దేశాలు, ఒకరు ఆమోదించిన భాగాన్ని మిగతావాళ్లు మళ్లీ పరీక్షించకుండానే ఒప్పుకుంటాయి. హెడ్‌లైటు గాజు మీద సున్నా చుట్టిన ఇంగ్లీషు ‘ఈ’ గుర్తు, పక్కన అంకె చూసే ఉంటారు. 1 అంటే జర్మనీ, 2 ఫ్రాన్స్, 43 జపాన్. మనం ఆ ఒప్పందంలో లేం. అమెరికా, చైనా ఉన్న 1998 ఒప్పందంలో 2006లో చేరాం. అందులో ఒక నియమానికి ఓటేసిన దేశం దాన్ని తన చట్టంలోకి తెచ్చే పని మొదలుపెట్టాలి, కానీ తెచ్చి తీరాలన్న కట్టుబాటు లేదు. ఇక్కడ ఏ నియమమైనా ముసాయిదా కమిటీలు దాటి, ప్రమాణంగా అచ్చయి, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోకి ఎక్కితేనే కంపెనీల మీద పనిచేస్తుంది. కొత్త మోడల్ కార్లకు 2017 అక్టోబరు నుంచి క్రాష్ పరీక్ష తప్పనిసరి అయింది ఈ దారినే.

ఈ దారి ఎక్కడ ముగుస్తుందో నాకు ఒక సంక్రాంతికి తెలిసింది. ఊరికొస్తూ విజయవాడ హైవే పక్కన టీ కోసం ఆగాను. ఎదురుగా ఒక టిప్పరు. వెనక కడ్డీని పైకి వంచి తాడుతో కట్టేశారు. డ్రైవరును అడిగాను. “క్వారీలో దిగేటప్పుడు నేలకు తగుల్తది సార్. ఎఫ్‌సీ రోజున కిందికి దించుతాం” అన్నాడు. ఎఫ్‌సీ అంటే ఫిట్‌నెస్ తనిఖీ. దాచాలన్న ఆలోచనే లేదు అతనికి. తొట్టి ఎక్కడ కట్టారో కనుక్కుని మర్నాడు ఆ షెడ్డుకు వెళ్లాను. మన లారీలు ఎన్నో కంపెనీ నుంచి ఛాసిస్‌గానే వస్తాయి, వాటికి తొట్టి కట్టేది ఇలాంటి షెడ్లలోనే. వెల్డరుకు 550 సంగతి ఎవరూ చెప్పలేదు. ఓనరు చూపించిన ఎత్తులో, చేతికందిన ఇనుము అతికిస్తాడు. నేను సంతకం పెట్టిన కడ్డీకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

“ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు.” పేపర్లో ఈ శీర్షిక కనబడితే ఇప్పటికీ కింది వార్త మొత్తం చదువుతాను. ఎంతమంది పోయారో రాస్తారు. కడ్డీ ఉందా అని ఒక్కరూ రాయరు.

నిన్న మీ ప్రాజెక్టు రిపోర్టులు తిరగేశాను. నాలుగింట్లో ఒకటే బొమ్మ, కింద అచ్చుతప్పుతో సహా! నాయనా, తల్లీ, కనీసం ఆ తప్పయినా దిద్దుకోలేకపోయారా? కోపం మీ ఒక్కరి మీదే కాదు. ప్రమాణాల ముసాయిదా కమిటీలో కూర్చుని మేం చేసింది కూడా ఇదే. జెనీవా కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా దించాం. క్వారీ బాట ఎలా ఉంటుందో ఆ డ్రైవరును అడగలేదు. క్వారీ లోపల పైకి మడిచి, రోడ్డెక్కే ముందు దించి తాళం వేసుకునే కడ్డీ ముందే ఇచ్చి ఉంటే అతనికి తాడుతో పనేముంది? జెనీవాలో ఆ పరీక్ష బలాన్ని తర్వాత బాగా పెంచారు. ఆ సవరణ వెల్డరు చేతిదాకా ఎవరు తీసుకెళ్తారు?

రిటైరయ్యాక ఆ షెడ్డుకు మళ్లీ వెళ్లాను. ఒకే కాగితం మీద తెలుగులో, బొమ్మలతో గీసి గోడకు అంటించాను. వెల్డరు దాన్ని రెండుసార్లు చదివి, తన కొలకర్ర మీద 550 దగ్గర రంపంతో గాటు పెట్టుకున్నాడు. మా కమిటీలో ఏ తీర్మానం చూసినా నాకు అంత సంతోషం కలగలేదు.

ఇందాక వస్తుంటే మీ గేటు బయట ఇటుకల లారీ ఆగి ఉంది. మీరు పట్టాలు తీసుకున్నాక నేను నేరుగా అక్కడికే వెళ్తున్నాను. టేపు నా సంచిలో ఉంది. ఒకరు పట్టుకోవాలి, ఒకరు రాసుకోవాలి.