“ఈ ఒక్కసారికే కదా!” అన్న మాట ఎక్కడిదాకా తీసుకెళ్తుంది? సత్యం కథ

ఈ ఎపిసోడ్‌లో బిజినెస్‌లో తప్పొప్పుల గురించి మాట్లాడుకుందాం. పెద్ద పెద్ద మాటలు వద్దు. ఒక ఎక్సెల్ షీట్‌తో మొదలుపెడతాను.

బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం టెస్టింగ్‌లో. శుక్రవారం రిలీజ్. గురువారం రాత్రి పదకొండు అవుతోంది. నా షీట్‌లో 212 టెస్ట్ కేసులు ఉంటే అందులో 40 ఇంకా రన్ చేయలేదు. మా లీడ్ వచ్చి భుజం మీద చెయ్యేసి, “అన్నీ పాస్ అని పెట్టేయ్ రా. ఈ ఒక్క రిలీజ్‌కే. మండే కూర్చుని రన్ చేసేద్దాం” అన్నాడు. “సరే అన్నా” అన్నాను. ఒక గడిలో పాస్ అని కొట్టి కిందికి లాగితే చాలు. పది సెకన్లు కూడా పట్టలేదు.

తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. అసలు సమస్య అదే. రిలీజ్ బాగానే వెళ్లింది. క్లయింట్ థ్యాంక్స్ అని మెయిల్ పెట్టాడు. మండే ఆ 40 కేసుల్ని ఎవరూ ముట్టుకోలేదు. తర్వాతి రిలీజ్‌కి లీడ్ నన్ను అడగాల్సిన అవసరం కూడా రాలేదు. నేనే పెట్టేశాను.

ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ ఇదే అలవాటు ఒక పెద్ద కంపెనీ లెక్కల్లో ఏళ్ల తరబడి సాగితే ఏమవుతుందో మన హైదరాబాద్ ఒకసారి చూసింది. సత్యం కంప్యూటర్స్.

ఇప్పుడు కాలేజీలో ఉన్నవాళ్లకి ఆ పేరు అంతగా తెలియకపోవచ్చు. 1987లో రామలింగరాజు మొదలుపెట్టిన కంపెనీ అది. 2008 నాటికి దాదాపు 53 వేల మంది ఉద్యోగులు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టింగ్. అప్పట్లో మన ఇళ్లలో “అబ్బాయి సత్యంలో చేస్తున్నాడు” అంటే ఇంక వేరే పరిచయం అక్కర్లేదు. 2008లోనే కంపెనీని చక్కగా, నిజాయితీగా నడుపుతున్నందుకు ఒక అవార్డు కూడా వచ్చింది.

2009 జనవరి 7న రామలింగరాజు తన బోర్డుకి ఒక లేఖ రాశారు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు కలిపి 5,361 కోట్లు అని చూపించాం, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు అన్నది దాని సారాంశం. అంతకుముందు సెప్టెంబర్ క్వార్టర్‌లో ఆపరేటింగ్ లాభం 649 కోట్లు అని ప్రకటించారు. లేఖ ప్రకారం నిజంగా వచ్చింది 61 కోట్లు. ఆ ఒక్క రోజులోనే షేరు సుమారు 179 రూపాయల నుంచి సుమారు 40 రూపాయలకి పడిపోయింది.

ఆ లేఖలో నన్ను ఆపేసిన విషయం వేరే ఉంది. మొదట్లో అసలు లాభానికీ, చూపించిన లాభానికీ తేడా చాలా కొంచెమే అని ఆయనే రాశారు. ఏళ్లు గడిచేకొద్దీ అది పెరిగింది. చివరికి పులి మీద స్వారీలా అయిపోయింది, దిగితే తినేస్తుంది అన్న అర్థంలో చెప్పుకున్నారు.

అంత పెద్దది ఎందుకైందో కొంచెం లెక్క వేసి చూడండి. ఈ క్వార్టర్ లాభం 10 కోట్లు ఎక్కువ చూపించారు అనుకుందాం. లాభం వస్తే ఆ డబ్బు ఎక్కడో ఉండాలి కదా? అంటే లేని డబ్బు బ్యాంకులో ఉన్నట్టు చూపించాలి. బ్యాంకులో ఉంటే వడ్డీ రావాలి, అదీ చూపించాలి. వచ్చే క్వార్టర్‌లో “ఇంకా ఎదిగాం” అనాలంటే ఆ దొంగ అంకె మీద ఇంకొంచెం వేయాలి. అబద్ధం ఒకసారి చెప్పి వదిలేసేది కాదు. దాన్ని ప్రతి మూడు నెలలకీ పోషించాలి, ఈఎంఐ కట్టినట్టు.

చివరి ప్రయత్నం 2008 డిసెంబర్ 16న జరిగింది. రాజు కుటుంబానికే సంబంధించిన మేటాస్ కంపెనీలని సత్యం డబ్బుతో సుమారు 160 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించారు. మేటాస్ అనే ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ని వెనక నుంచి చదివితే సత్యం అని వస్తుంది. ఇన్వెస్టర్లు గొడవ చేయడంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికే ఆ ప్రయత్నం అని తర్వాత లేఖలో ఒప్పుకున్నారు.

సరే, ఇదంతా ఓనర్ల గొడవ, మనకేంటి అనుకోవచ్చు. ఇక్కడే మన సాఫ్ట్‌వేర్ వాళ్లు కాస్త ఆగి వినాలి. దర్యాప్తులో 7,500కు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో సూపర్ యూజర్ లాగిన్ వాడి వాటిని ఎక్కించారు. మిగతా ఉద్యోగులకి కనిపించకుండా దాచే ఏర్పాటు అందులోనే ఉంది. అంటే ఎవరో ఒకరు ఆ ఆప్షన్ రాశారు, ఎవరో ఒకరు కీబోర్డ్ ముందు కూర్చుని ఎంట్రీలు కొట్టారు. నా 40 గడుల్లాగే.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 10 మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. తర్వాత అప్పీల్‌లో శిక్ష నిలిపివేసి బెయిల్ ఇచ్చారు. ఆ 10 మందిలో రాజు, ఆయన సోదరులు మాత్రమే లేరు. ఇద్దరు ఆడిటర్లు ఉన్నారు. ఫైనాన్స్ విభాగంలో పనిచేసిన మాజీ ఉద్యోగులూ ఉన్నారు. “పైవాళ్లు చెప్పారు, చేశాను” అన్న మాట వాళ్లని కాపాడలేదు.

ఆడిటర్ల సంగతి కూడా చెప్పుకోవాలి. బ్యాంకులో డబ్బు ఉందో లేదో ఆడిటర్ నేరుగా బ్యాంకునే అడగాలి. ఇక్కడ కంపెనీ చేతికిచ్చిన కాగితాలని నమ్మారు. 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు ఆ ఆడిట్ సంస్థ భారత విభాగాల మీద మొత్తం 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి. మన 2013 కంపెనీల చట్టంలో కూడా మార్పులు వచ్చాయి. లిస్టెడ్ కంపెనీలో ఒకే ఆడిట్ సంస్థ వరసగా పదేళ్లకి మించి ఉండకూడదు. తప్పు కనిపిస్తే ఉద్యోగి చెప్పుకోవడానికి ఒక ఏర్పాటు ఉండాలి. మీ కంపెనీ లిస్టెడ్ అయితే ఆ పాలసీ ఎక్కడుందో ఈ వారం వెతికి చదవండి.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తాను. బిజినెస్‌లో ఒక క్వార్టర్ సరిగ్గా ఆడకపోవడం తప్పు కాదు. రిస్క్ తీసుకోవడమూ తప్పు కాదు. ఆ రిస్క్ ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లకి తెలియకుండా దాచడం తప్పు. సత్యం లాభం తగ్గింది అని మొదటి ఏడాదే చెప్పి ఉంటే షేరు కొంచెం పడేది, అంతే.

అందుకే నిర్ణయం తీసుకునే ముందు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, “ఇది మెయిల్‌లో రాసి పంపండి అన్నా” అంటే ఆయన పంపుతాడా? పంపడు అనిపిస్తే, అది తప్పని ఆయనకీ తెలుసు. రెండోది, ఈ అంకెని నమ్ముకుని అవతల ఎవరు డబ్బు పెడుతున్నారు? సత్యం షేర్లు కొన్నవాళ్లలో మనలాంటి మామూలు ఇళ్లవాళ్లూ ఉన్నారు.

“నువ్వు వీడియోలో కూర్చుని చెప్తావ్ బ్రో, మాకు ఈఎంఐలు ఉన్నాయి, ఇంటికి డబ్బు పంపాలి” అంటారని తెలుసు. నిజమే. రాజీనామా చేసి హీరో అవ్వమని నేను చెప్పను. మధ్యలో ఒక దారి ఉంది. నిజాన్నీ, నిర్ణయాన్నీ విడదీయండి. నిర్ణయం వాళ్లది, నిజం మాత్రం మీరు రాసేది.

అలా పాస్ పెట్టుకుంటూ ఒక ఏడాది గడిచాక నేను షీట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను. ఇన్ని పాస్, ఇన్ని రన్ చేయలేదు. “అన్నా, వెళ్లాలా వద్దా మీరే చూడండి” అన్నాను. లీడ్ ముఖం మాడిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. క్లయింట్ మాత్రం “సరే, సోమవారం వెళ్దాం” అన్నాడు, అంతే. ఆ ఏడు నా రేటింగ్ తగ్గింది. దీనివల్లేనా అంటే చెప్పలేను. కానీ ఆ రాత్రి కొట్టిన 40 పాస్‌లు ఇప్పటికీ గుర్తున్నాయి. తగ్గిన ఆ రేటింగ్ మీద ఎంత హైక్ వచ్చిందో మాత్రం గుర్తులేదు.

మీ ఆఫీసులో, మీ షాపులో ఎవరైనా “ఈ ఒక్కసారికే” అన్నారా? అప్పుడు మీరేం చేశారు? కంపెనీ పేరు రాయకుండా కామెంట్‌లో చెప్పండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.