రెండు భాషలూ, పక్షవాతమూ



మెదడు జబ్బుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను; చదివి తెలుసుకున్నదే చెబుతాను. హైదరాబాదు నిమ్స్‌లో పనిచేసి, తరువాత బెంగుళూరు నిమ్హాన్స్‌కు వెళ్లిన న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడిగారి పరిశోధన మన సంతబొమ్మాళి వాళ్లకు అచ్చంగా సరిపోతుంది. నౌపడాలో రైలెక్కితే పర్లాకిమిడి. సంతలో ఒరియా, ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు మనలో ఎన్ని లేవు!

డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని ఆవిడ బృందం పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు భాషలవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. అంతకుముందు కెనడాలోనూ ఇలాగే తేలింది గానీ, అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. వలస వల్లనా, భాష వల్లనా అనే సందేహం మిగిలింది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ పుట్టి పెరిగిన వీధిలోనే వస్తాయి. బడి ముఖం చూడనివారిలో కూడా తేడా కనిపించింది. మూడో భాష వల్ల అదనపు లాభం కనబడలేదట. బహుభాషా పండితులు మన్నించాలి.

2016లో పక్షవాతం వచ్చిన 608 మంది వివరాలు వెలువడ్డాయి. తరువాత ఆలోచన, జ్ఞాపకం మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. అయితే మాట పడిపోవడంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. పక్షవాతాన్ని భాష ఆపుతుందని కూడా ఎవరూ అనలేదు. బి.పి. మాత్రలు మానవద్దు.

మాట పడిపోయినవారి దగ్గర మన ఇళ్లలో గట్టిగా అరుస్తారు. వినికిడి పోలేదు, మాట అందడం లేదంతే. నెమ్మదిగా, చిన్న మాటల్లో, ఏ భాషలో జవాబు వస్తే ఆ భాషలో మాట్లాడించాలి. ఒరియాలో పలికితే "తెలుగులో చెప్పు" అని సరిదిద్దవద్దు.

మూతి వంకర పోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా పసరు వైద్యానికి పోకండి. గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు, అదీ స్కానింగు చూశాక. టెక్కలి నుంచి శ్రీకాకుళమే సుమారు 50 కిలోమీటర్లు. వెంటనే 108కి ఫోను చేసి, జబ్బు మొదలైన టైము కాగితం మీద రాసి రోగి జేబులో పెట్టండి. డాక్టరు మొదట అడిగేది అదే.